గుంజ మీద చిలకపచ్చ

ఆఫీసరమ్మాయి చేతిలోని చిన్న ఉలి తగిలి వేలి మందాన, అరచేతికన్నా పెద్దగా ఉన్న రంగు పెచ్చు ఒకటి ఊడి ఇసుకలో పడింది. ఊడినచోట చిలకపచ్చ కనిపించింది.

పదడుగుల దూరంలో వల బాగుచేసుకుంటున్న ముసలావిడ లేచింది. ఆవిడ మోకాళ్ళు సరిగా వంగవు. లేవాలంటే ఎప్పుడూ రెండు మూడుసార్లు ప్రయత్నించాలి. ఆ రోజు ఒక్కసారికే లేచింది. వచ్చి, ఉలికీ ఆ పచ్చరంగుకీ మధ్య తన చెయ్యి అడ్డం పెట్టింది.

"అమ్మాయీ, ఇంక ఆపెయ్."

"ఏమైందమ్మా? మీకేమైనా తగిలిందా?"

"నాకేం తగల్లేదు. ఇది మా ఆయన పూసిన రంగు."

ఆఫీసరమ్మాయి ఉలి కింద పెట్టి నావైపు చూసింది. నేను ఆమె కళ్ళలోకి చూడలేకపోయాను. ఆమెనూ ఆ ఉలినీ అక్కడికి రప్పించింది నేను రాసిన వార్తే.

ఇది బందరు కోటకు కూతవేటు దూరంలో, గిలకలదిండి రేవు ఒడ్డున జరిగింది. అక్కడ ఇసుకలో నడుమెత్తున ఒక ఇనప దిమ్మె నిలబడి ఉండేది. జాలర్లు దాన్ని గుంజ అంటారు. పడవ తాళ్ళు దానికే కడతారు. దూరం నుంచి చూస్తే తిరునాళ్ళలో అమ్మే రంగుల బొంగరాన్ని ఎవరో బోర్లా గుచ్చిపోయినట్టు ఉంటుంది. దగ్గరికి వెళ్ళి చూస్తేగాని అది పాత ఫిరంగి అని తెలియదు. మూతి భూమిలో ఉంది, వెనక భాగం పైకి ఉంది. రెండు పక్కలా పొట్టి చెవుల్లాంటి ఇనప మొద్దులున్నాయి. ఒకప్పుడు ఫిరంగిని బండి మీద ఆనించడానికి చేసిన చెవులవి. ఇప్పుడు తాడు పైకి జారకుండా పట్టుకుంటాయి. దాన్ని అక్కడ ఎవరు పాతారో, ఎప్పుడు పాతారో చెప్పగలిగినవాళ్ళు ఊళ్ళో లేరు. "మా తాతల కాడ్నుంచీ ఉంది" అంటారు. వాళ్ళ తాతలూ అదే అని ఉంటారు.

బందరు గురించి చెప్పేవాళ్ళంతా ఓడలతోనే మొదలుపెడతారు. డచ్చివాళ్ళు వచ్చారు, ఇంగ్లీషువాళ్ళు వచ్చారు, ఫ్రెంచివాళ్ళు వచ్చారు. మన అద్దకం బట్టల కోసం వచ్చినవాళ్ళు కోటల కోసం కొట్టుకున్నారు. ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్న కోటను ఇంగ్లీషు సిపాయిలు ఒక రాత్రి బురద పర్రల మీదుగా నడిచివచ్చి పట్టుకున్నారు. సిపాయిలు మోకాలి లోతున దిగబడిన అలాంటి పర్రల్లో ఇప్పుడు చాలావరకు రొయ్యల చెరువులున్నాయి. ఆ తర్వాత వందేళ్ళకు ఉప్పెన వచ్చి ఊరిని ఊడ్చుకుపోయింది. రేవు మేట వేసింది. ఓడలు వేరే రేవులు చూసుకున్నాయి. కోటలో కొన్ని గోడలు, ఊళ్ళో డచ్చివాళ్ళ సమాధులు మిగిలాయి. ఆ సమాధుల మీది నల్లరాళ్ళపై ఎవరు ఎప్పుడు పుట్టారో, ఎప్పుడు పోయారో ఇప్పటికీ చదవడానికి వీలుగా చెక్కి ఉంది.

ఇవన్నీ నేను చాలాసార్లు రాశాను. పుట్టింది గుడివాడలో అయినా, విలేకరిగా బందరు వచ్చి ఇక్కడే ఉండిపోయాను. ఉద్యోగంలో చేరిన నెలలో రాసిన వార్త, బందరు పోర్టుకు త్వరలో మోక్షం అని. రిటైరైన నెలలోనూ అదే వార్త రాశాను. 'త్వరలో' అన్న మాట మాత్రం తీసేశాను. తీసేశాకే పనులు మొదలయ్యాయని మా ఆవిడ ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది. ఇప్పుడు తీరం వెంట ఎక్కడ చూసినా లారీలు, రాళ్ళు. గిలకలదిండి రేవులోనూ గట్టు పొడిగిస్తున్నారు.

ఆ గట్టు పని చూడ్డానికి వెళ్ళిన రోజునే గుంజను మొదటిసారి సరిగ్గా చూశాను. అంతకు ముందు ఎన్నోసార్లు దాని పక్కనుంచే నడిచి ఉంటాను. సముద్రంలో చేపల వేట నిషేధం నడుస్తున్న వేసవి. పడవలన్నీ ఒడ్డుకెక్కి ఉన్నాయి. కొన్నిటికి అప్పుడే రంగులు వేస్తున్నారు. రంగు డబ్బా అడుగున మిగిలినదాన్ని ఒకాయన చేత్తో తీసి గుంజకు రాస్తున్నాడు. నాకు వార్త దొరికింది.

ఫోను తీసి ఫొటోకి సిద్ధమయ్యాను. గుంజ పక్కన నీడలో ముసలావిడ కూర్చుని ఉంది.

"పెద్దమ్మా, కొంచెం పక్కకు జరుగుతారా?" అన్నాను.

"ఎందుకు బాబూ?"

"ఫొటోకి అడ్డం వస్తున్నారు."

"అడ్డమొస్తే జరగాలిగా మరి" అని నవ్వి జరిగింది. ఆ గుంజ గురించి అడగవలసిన మనిషినే పక్కకు జరగమన్నానని నాకు అప్పుడు తెలియదు.

చిన్న వార్తే అది. పాత పరిచయం కొద్దీ జిల్లా పేజీకి పంపితే వేశారు. చరిత్రకు రంగులు పులుముతున్నారు అని శీర్షిక. ఏ కాలానిదో తెలియని విలువైన ఫిరంగిని పడవలు కట్టే గుంజగా వాడుతున్నారని, ఏటా దానికి రంగులు పులుముతున్నారని, అయినా అధికారులు పట్టించుకోవడం లేదని రాశాను. మా వృత్తిలో అదొక చేతి అలవాటు. వాక్యం మొదలుపెడితే చాలు, చివర అధికారులు పట్టించుకోవడం లేదని దానంతటదే వచ్చి కూర్చుంటుంది.

పొద్దున్నే మా ఆవిడ పేపరు చదివి కాఫీ గ్లాసు బల్ల మీద కాస్త గట్టిగానే పెట్టింది.

"మన గేటుకి మీరు రంగు వేయిస్తే జాగ్రత్త. వాళ్ళు గుంజకి వేస్తే పులమడమా?"

"అది ఫిరంగి."

"మీకు ఫిరంగి. వాళ్ళకి?"

నేను పేపరు మడిచి బీరువా మీద పెట్టేశాను. అదీ నాకొక చేతి అలవాటే.

ఈసారి అధికారులు పట్టించుకున్నారు. పదిహేను రోజులకు పురావస్తు విభాగం నుంచి ఫోను వచ్చింది. వార్త రాసింది మీరేనా, ఆ ఫిరంగి ఎక్కడుందో చూపిస్తారా అని. విజయవాడ బస్సులో ఉయ్యూరు, గూడూరు మీదుగా ఒక అమ్మాయి దిగింది. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. భుజాన సంచి. అందులో ఉలి, కుంచె, దూది, భూతద్దం, ఒక ఫైలు. ఫైలులో మొదటి కాగితం నా వార్త.

దారిలోనే సంగతంతా చెప్పింది. గట్టు పొడిగింపులో గుంజ అడ్డం వస్తోంది. నిషేధం ముగిసేలోగా అక్కడ పని మొదలవుతుంది. ఫిరంగి చరిత్ర గల వస్తువని ఆమె ఆఫీసు రిజిస్టర్లో ఎక్కితే దాన్ని తుక్కుగా తీసుకుపోవడానికి వీల్లేదు, జాగ్రత్తగా వేరేచోట నిలబెట్టాలి. ఎక్కకపోతే కాంట్రాక్టరు దృష్టిలో అది పాత ఇనుము. లారీలో వేసుకుని పోతాడు.

"ఎక్కించడానికి ఏం కావాలి?" అని అడిగాను.

"గుర్తు కావాలి సార్. డచ్చివాళ్ళదైతే వాళ్ళ కంపెనీ అక్షరాలుంటాయి. ఇంగ్లీషువాళ్ళదైతే కిరీటం ఉండొచ్చు. ఫ్రెంచివాళ్ళదైతే పువ్వు లాంటిదేదో. రంగు తీసి చూస్తే తెలిసిపోతుంది."

ఆ రంగు తీస్తుండగానే చిలకపచ్చ కనిపించింది. ముసలావిడ చెయ్యి అడ్డం పెట్టింది.

గొడవ విని ముసలావిడ మరిది వచ్చాడు. అరవై దాటినవాడు, ఊరిపెద్దల్లో ఒకడు. రంగు మరకల లుంగీ, చెవిలో సగం కాల్చిన చుట్ట.

"వదినా, గవర్నమెంటోళ్ళ పనికి అడ్డం పడితే కేసవుద్ది."

"కానీ. నాకూ కోర్టు చూసినట్టుంటది."

"కోర్టులో కూర్చోడానికి కుర్చీలెయ్యరు నీకు. మోకాళ్ళు నొప్పులని మళ్ళీ నా ప్రాణం తీస్తావ్."

"నువ్వు మోసుకుపోయేదేవన్నా ఉందా నన్ను? నోరు మూసుకుని అమ్మాయికి మంచినీళ్ళు తెప్పిచ్చు."

వలల షెడ్డు నీడలో కూర్చున్నాం. నీళ్ళు వచ్చాయి. ఆఫీసరమ్మాయి తాగి, గ్లాసు పక్కన పెట్టి, చాలా మర్యాదగా అడిగింది. "అమ్మా, ఇన్ని పొరలున్నాయి. ఇన్నేళ్ళుగా ఎందరో పూశారు. ఈ పచ్చ ఆయన పూసిందేనని ఎలా చెప్పగలరు?"

అది అనుమానం కాదు. ఆమె వృత్తిలో అడగవలసిన ప్రశ్న. ముసలావిడకూ అలాగే అనిపించిందేమో, నొచ్చుకోకుండా చెప్పడం మొదలుపెట్టింది. నేను నా వార్త రాయకముందు వినవలసిన మాటలివి.

పడవకు వెయ్యగా మిగిలిన రంగును ఇంటికి తీసుకుపోకూడదు. గుంజకు పూసి పోవాలి. కుంచెతో కాదు, చేత్తో. పడవ మీద ఉన్న రంగు గుంజ మీదా ఉంటే, తాడు విప్పుకుపోయిన పడవ మళ్ళీ గుంజను వెతుక్కుంటూ వస్తుందని వాళ్ళ నమ్మకం. ఆ రోజుల్లో నిషేధాలు లేవు. వానలు తగ్గాక, దసరా రోజుల్లో చెక్క నావలను ఒడ్డుకెక్కించి తారు పూసి రంగు వేసేవాళ్ళు. అందరి నావలూ నీలమో ఎరుపో. ఆవిడకు పెళ్ళయి అప్పటికి రెండేళ్ళు. పుట్టిల్లు చిలకలపూడి.

"నీలం బాగోదయ్యా, నీళ్ళలో కనపడదు, పచ్చ ఎయ్యి అన్నాను. చల్లపల్లి ఎళ్ళి తెచ్చాడు. ఊరు ఊరంతా నవ్వారు. చిలకలపూడి పిల్లని చేసుకున్నాడు, నావక్కూడా చిలక రంగేశాడని. ఈడు గూడా నవ్వాడు" అని మరిదిని చూపించింది.

"నేనొక్కణ్ణే నవ్వానా? మా నాయన గూడా నవ్వాడు" అన్నాడు మరిది.

దసరాకు రంగు వేశాడు. మిగిలింది గుంజకు పూశాడు. దీపావళి వెళ్ళాక, నాగాయలంక అవతల తీరం పల్లెలో ఉన్న అక్కకు ఒంట్లో బాగోలేదని కబురొస్తే నావ వేసుకుని దివిసీమ వెళ్ళాడు. రెండు రోజుల్లో వస్తానన్నాడు. ఉప్పెన వచ్చింది.

డెబ్బై ఏడు ఉప్పెన గురించి ఈ జిల్లాలో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. గుడివాడలో మా బడి ఆవరణలో బాధితుల కోసం పోగుపడిన బట్టల గుట్టలు నాకు గుర్తున్నాయి. ఎవరివో పట్టుచీరలు కూడా వాటిలో ఉన్నాయి. విలేకరినయ్యాక ఏటా నవంబరులో దివిసీమ వెళ్ళి, మిగిలినవాళ్ళతో మాట్లాడి రాసేవాణ్ణి. దివిసీమలోనే వెతికాను. బందరులో, మా ఇంటికి సైకిలు దూరంలో ఒకావిడ ఉందని నాకు తెలియలేదు.

తెలియకపోవడానికి కారణం ఆవిడే చెప్పింది. మామగారు కొడుకు కోసం వారం రోజులు తిరిగి వచ్చారు. ఆడబిడ్డ ఇల్లు ఉండవలసినచోట ఇల్లు లేదు. నావ దొరకలేదు. మనిషీ దొరకలేదు. ఆ పల్లెలో పోయినవాళ్ళ పేర్లు రాసేటప్పుడు, ఇతను మా ఊరివాడు కాదు, బందరువాడు అన్నారు. బందరులో అడిగితే, పోయింది ఇక్కడ కాదు గదా అన్నారు. ఏ జాబితాలోనూ పేరు ఎక్కలేదు. పెళ్ళిలో తీసిన ఫొటోల రీలు పాడైందని ఫొటో ఆయన చెప్పాడట. ఇంట్లో ఒక్క ఫొటో కూడా లేదు.

"ఆ తర్వాత పచ్చ ఎవ్వరూ ఎయ్యలేదు" అన్నాడు మరిది. ఈసారి గొంతులో వెటకారం లేదు. "పెద్దోళ్ళు ఎయ్యొద్దన్నారు. ఇప్పటికీ మా రేవులో పచ్చ పడవ లేదండీ. కావాలంటే చూసుకోండి."

చూశాను. లేదు. నలభై పైగా పడవలు ఒడ్డున ఉన్నాయి. నీలం, ఎరుపు, పసుపు, నారింజ. ఒక్కటీ పచ్చ లేదు.

"ఉప్పెన మరుసటేడు ఎవరి కాడా రంగుకి డబ్బుల్లేవు" అంది ముసలావిడ. "సున్నం పూశారు గుంజకి. అందుకే సున్నం కాడ పెచ్చు ఊడింది. చూడమ్మాయీ."

ఆఫీసరమ్మాయి ఇసుకలో పడిన పెచ్చు తీసింది. భూతద్దం పెట్టి చూసింది. ఒకదాని మీద ఒకటిగా అన్ని రంగుల గీతలు, అట్టడుగున తెల్లగా సున్నం పొర. వేలితో రుద్దితే పొడి రాలింది. లేచి వెళ్ళి గుంజ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. పచ్చరంగు మీద నాలుగు వేళ్ళు లాగిన చారలు స్పష్టంగా ఉన్నాయి. కుడి నుంచి ఎడమకు కిందికి దిగాయి.

"ఆయనది పుర్రచెయ్యా అమ్మా?"

ముసలావిడ లేచి వచ్చి ఆ చారల ముందు నిలబడింది. తర్వాత, "అన్నం గూడా ఆ చేత్తోనే తినబోతే మా అత్త ముంజేతి మీద కొట్టేది" అంది.

అక్కడ ఉన్న మగవాళ్ళం ముగ్గురం ఎటో అటు చూశాం. మూడోవాడు గట్టు పని మేస్త్రీ, ఏం జరుగుతోందో చూడ్డానికి వచ్చినవాడు.

"కింద ఉందని నాకు తెలుసు" అంది ముసలావిడ. "ఎన్ని రంగులు పడ్డా కింద ఆయనది ఉందిగా అని ఇక్కడే కూర్చునేదాన్ని. చూస్తాననుకోలా."

ఆఫీసరమ్మాయి చాలాసేపు గుంజ చుట్టూ తిరిగింది. పచ్చ లేనిచోట ఎక్కడైనా గుర్తు ఉంటుందేమోనని చూసింది. రెండు చెవుల కొసల్లో రంగు తీసింది. తాళ్ళు ఒరుసుకుని, ఉప్పు తిని, ఇనుము నున్నగా ఉంది. వెనకవైపు రెండు చోట్ల చూసింది. తుప్పు తప్ప ఏమీ లేదు. చివరికి పచ్చరంగు మీద మునివేళ్ళతో మెల్లగా తడిమింది. తడిమి, నా చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టింది. రంగు కింద ఏదో ఉబ్బుగా తగిలింది. వంపు తిరిగిన గీత. అక్షరం అంచో, కిరీటం అంచో, పూరేకో తెలియలేదు.

"ఉంది సార్" అంది మెల్లగా. "సరిగ్గా దీని కిందే ఉంది."

ముసలావిడ దగ్గరికి వెళ్ళి ఆ మాటే చెప్పింది. దాచలేదు. గుర్తు పచ్చరంగు కింద ఉందని, పచ్చరంగు తియ్యకుండా చూడ్డం తన చేతిలో లేదని, గుర్తు లేకుండా రిజిస్టర్లో ఎక్కించడం కష్టమని వివరంగా చెప్పింది.

ముసలావిడ అంతా విని తనే లెక్క తేల్చింది. "అంటే గీకితే మా ఆయన పోతాడు. గీక్కపోతే గుంజ పోద్ది."

మరిది చెవిలోని చుట్ట తీసి, వెలిగించకుండానే నోట్లో పెట్టుకున్నాడు.

"అసలు ముగ్గుర్లో ఎవడిదైతే ఏందండీ?" అన్నాడు. "ఎవడు పేల్చినా మన మీదకే గదా పేల్చింది."

ఆఫీసరమ్మాయి నవ్వింది. కానీ ఉలి మళ్ళీ తియ్యలేదు. సంచిలో అన్నీ సర్దుకుని, పై అధికారితో మాట్లాడి చెబుతానంది. బస్టాండు దాకా దిగబెట్టడానికి వెళ్ళాను. బస్సు ఎక్కబోతూ అంది. "సార్, రంగు ఆచారమని కాగితం మీద ఎక్కడైనా ఉంటే నాకు కొంచెం ఆధారం ఉంటుంది. ఇప్పుడు నా ఫైలులో ఉన్న కాగితం ఒక్కటే. అందులో పులుముతున్నారని ఉంది."

ఆ మాట అనడంలో ఆమె ఉద్దేశం నన్ను తప్పుపట్టడం కాదు. ఉన్నది చెప్పింది. తిరుగు దారిలో కోనేరు సెంటర్లో టీ తాగుదామని బండి ఆపాను. టీ తాగకుండానే ఇంటికి వచ్చాను.

మర్నాడు నోటుపుస్తకం పట్టుకుని గిలకలదిండి వెళ్ళాను. ఈసారి ఫొటో తియ్యకముందే కూర్చున్నాను.

"పెద్దమ్మా, ఆ వార్త రాసింది నేను."

"తెలుసుగా. జరగమన్నావుగా."

"తప్పు రాశాను."

"చదివిచ్చుకున్నాను. తప్పేం లేదులే, ఫిరంగంట గదా అది. మాకే తెలవదు." కొంచెం ఆగి, "పులమడం అన్న మాటొక్కటి బాగోలా" అంది.

మూడు రోజులు తిరిగి పది ఇళ్ళలో అడిగాను. ఎవరెవరు ఏ రంగులు పూశారో, ఎవరి చిన్నతనంలో ఎవరు పూయడం చూశారో, వాళ్ళ మాటల్లోనే రాసుకున్నాను. చెప్పేవాళ్ళ వయసు, వృత్తి రాశాను. పచ్చ పడవ ఎందుకు లేదో రాశాను. అధికారుల ఊసు ఎత్తలేదు. అది పులమడం కాదు అని శీర్షిక నేనే పెట్టి పంపాను. మొదటి వార్త వచ్చిన పేజీలోనే, దానికన్నా తక్కువ చోటులో వేశారు. సవరణలకు ఎప్పుడూ అంతే చోటు.

ఆఫీసరమ్మాయి ఆ వార్తను ఫైలులో మొదటి కాగితం మీద పెట్టింది. ఎవరితో ఏం మాట్లాడిందో, ఎన్నిసార్లు మాట్లాడిందో నాతో చెప్పలేదు. నిషేధం ముగియడానికి వారం ముందు రిజిస్టర్లో రాసింది నాకు చదివి వినిపించింది. పాత ఇనప ఫిరంగి. గుర్తు రంగు పొరల కింద ఉంది. రంగు పొరలు స్థానిక జాలర్ల ఆచారానికి సంబంధించినవి, వాటినీ కాపాడవలసి ఉంది. తీరంలోనే, వాడుకలో ఉంచదగినది.

గుంజను లేపిన రోజు రేవంతా ఒడ్డున ఉంది. క్రేను గొలుసు ఒరుసుకోకుండా మరిది పచ్చరంగు మీద పాత వల నాలుగు మడతలు పెట్టి, దాని మీద బియ్యం సంచి చుట్టి, పసిబిడ్డకు నడికట్టు కట్టినట్టు జాగ్రత్తగా ముడి వేశాడు. ముసలావిడ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని క్రేను డ్రైవరుకు సలహాలు ఇస్తూనే ఉంది.

"నెమ్మదిరా నాయనా, అది బస్తా కాదు."

"తెలుసు మామ్మా."

"తెలిస్తే అంత జోరెందుకు?"

ఫిరంగి మూతి బురదతో, ఆల్చిప్పలతో నిండి పైకి వచ్చింది. లోపల గుండు ఉందేమోనని ఎవరో అంటే జనం రెండడుగులు వెనక్కి వేశారు. ముసలావిడ వెయ్యలేదు. నలభై అడుగుల అవతల, వలల షెడ్డు పక్కన మళ్ళీ పాతారు. పచ్చరంగు ముఖం నీడవైపు ఉండేలా తిప్పించింది ఆవిడే.

నిషేధం ముగిసే ముందు రంగుల రోజున చిన్న తగవు వచ్చింది. గుంజకు పూయకుండా పడవలు దించకూడదు. పూస్తే పచ్చ మళ్ళీ కప్పుకుపోతుంది. ఇంతకాలం కప్పే గదా ఉంచాం అని కొందరన్నారు. మరిది వదిన వైపు చూశాడు.

"పూయండి" అంది ఆవిడ. "ఇన్నేళ్ళూ చూశానా? ఒక్క నెల చూశాను, చాలు." అని, కొంచెం ఆలోచించి, "ఒక్క అరచెయ్యంత వదిలెయ్యండి" అంది.

అరచెయ్యంత వదిలేశారు. మిగతా అంతా ఆ ఏటి నీలం, పసుపు పడ్డాయి. పూసినవాళ్ళు ఒక్కొక్కరూ ఆ చోటు దగ్గరికి రాగానే చెయ్యి వెనక్కి తీసుకోవడం చూశాను. పడవలు దిగాయి.

వారానికోసారైనా అటు వెళ్తుంటాను. ఫొటోకు అడ్డం వస్తున్నానా అని ఆవిడ ప్రతిసారీ అడుగుతుంది. వెళ్ళినప్పుడు ఆ చారల పక్కనే కూర్చుంటాను. అప్పుడప్పుడు ఆవిడ ఎడమచేతి వేళ్ళు వాటి మీద పెట్టి, నాకు అందవు, ఆయన వేళ్ళు పొడుగు అంటుంది. రంగు కింద ఉబ్బు గురించి మాత్రం ఎప్పుడూ ఏమీ అనదు.

ఆఫీసరమ్మాయికి ఈ మధ్య బదిలీ అయింది. వెళ్ళేముందు వచ్చి ముసలావిడకు చెప్పి వెళ్ళింది. ఆమె స్థానంలో వచ్చిన అధికారి నుంచి ఊరిపెద్దలకు ఒక ఉత్తరం వచ్చింది. ఫిరంగి రిజిస్టర్లో ఏ దేశానిది అన్న గడి ఖాళీగా ఉందని, మిగిలిన రంగు కూడా తీసి పరిశీలన పూర్తి చెయ్యాలని, ఏ తేదీ వీలవుతుందో తెలపాలని అందులో ఉంది. మరిది ఆ ఉత్తరం తెచ్చి, జవాబు రాసిపెట్టమని నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు. వదినకు చెప్పలేదన్నాడు. గడి ఖాళీగానే ఉంది. జవాబు ఇంకా వెళ్ళలేదు.